దారం కట్టిన చీటీలు

మా ఎదురింటి లెక్కల మేష్టారిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పినవాణ్ణి నేను. ఆయనేమో రిటైరయ్యాక, భార్యతో ఊళ్లు తిరగడానికి పాత వ్యాను కొని, దాంట్లోకి వేరే ఇంజను సొంతంగా ఎక్కిస్తున్నాడు. విప్పిన ప్రతి వైరుకీ, పైపుకీ ఓ చీటీ రాసి దారంతో కట్టేవాడు.

"ఇంజనుకి అక్షరాభ్యాసమా మేష్టారూ?" అన్నాను.

"మీకైతే చేతులకే గుర్తుంటుంది. నాకు కాగితమే దిక్కండీ" అని నవ్వాడు.

అప్పటికి నాకు చదువు రాదు.

బిగింపంతా అయిన రోజు, తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం నన్ను పిలిచి, "మీరు వినండి, తేడా ఏమైనా ఉందా?" అన్నాడు.

ఏ తేడా లేదు. "లోపలేదో కొట్టుకుంటోంది" అన్నాను.

"మీరన్నారంటే ఉంటుందండీ" అని మళ్లీ స్పానర్ పట్టాడు. మూడు రోజులు విప్పాడు, బిగించాడు. నేను అరుగు మీద కూర్చుని చూశాను గానీ నిజం చెప్పలేదు.

ఊడిపడిన చీటీ ఒకటి ఎందుకో జేబులో వేసుకున్నాను. అరవై దాటాక అక్షరాలు దిద్దుకుని, ముందు దాన్నే కూడబలుక్కుని చదివాను.

"ఈ పైపు సందేహం. ఎదురింటి మెకానిక్ గారు ఎలా అంటే అలా."