ఆమె సమాధి, ఆ ఏటి వాన

ఎనభైల నడుమ ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో వరుసగా కొన్నేళ్లు వానలు లేకుండా పోయాయి. అంతకు ముందే చనిపోయిన నా భార్యకు ఒంటినిండా బొల్లి మచ్చలుండేవి. అలాంటి మనిషిని పూడిస్తే మేఘం అలుగుతుందని మావైపు నమ్మకం. ఆమెను తవ్వితీసి కాల్చాలని ఊరంతా శ్మశానానికి వచ్చింది.

నేను సమాధికి అడ్డంగా నిలబడ్డాను. "వాన చెడగొట్టింది ఆమె కాదు. కొండల మీది చెట్లు నరికి సున్నపు బట్టీల్లో కాల్చాం. ఆదోని మిల్లుల్లో బొగ్గు మండిస్తూనే ఉన్నాం. ఆ పొగకు గాలి వేడెక్కి కాలమే తప్పుతోంది. ఇది బతికున్న మనం చేసిన పని" అన్నాను.

"అట్లయితే నా బీడీ ఆర్పేస్తా బావా, వానొస్తాదేమో సూడు!" అన్నాడు ఆమె సొంత తమ్ముడు. అందరూ నవ్వారు. నన్ను పక్కకు లాగి తవ్వారు. తెచ్చిన కట్టెలు చాలకపోతే, ఆ శ్మశానంలో మిగిలిన ఒకే ఒక్క వేపచెట్టును కొట్టి, కిరసనాయిలు పోసి కాల్చారు.

ఆ వారంలోనే వాన కురిసింది. "ఇప్పుడేమంటావు బావా?" అంటూ ఆమె తమ్ముడు సంబరంగా చేనికి పోయాడు. ఒక్క వానతో కాలం బాగుపడదని చెప్పాలనుకున్నాను. నా వాదన చివరిదాకా వినేది ఆమె ఒక్కతే. శ్మశానానికి వెళ్లి, తడుస్తూ ఆ వేపమొద్దు మీదే కూర్చుండిపోయాను.