తోలు వాసనే అన్నాను

ఏడేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. మొదట్లో బరువుగా ఉండేది. తర్వాత మూట మోసేవాడి భుజంలా నాకూ కాయకాచింది. ఇప్పుడు బరువు కంటే ఆ అలవాటే నన్ను అలసిపోయేలా చేస్తోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ని కదా?

నాది బట్టల వ్యాపారం. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ హద్దు వెంట ఉన్న ఊళ్లలో, రోజుకో సంత చొప్పున రెడీమేడ్ బట్టల మూటలు వేసుకుని తిరుగుతాను. హిందీ, దోర్లీ, తెలుగు, ఎదుటి మనిషికి ఏది వస్తే అది మాట్లాడతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చాలా మంచిదని అన్ని ఊళ్లలోనూ పేరు.

ఆ ఏడు ఒక తెలుగు హీరో సినిమాలో గోధుమరంగు తోలు జాకెట్ వేసుకుని కనిపించాడు. కాలర్ పైకి లేపి, జిప్ సగం దాకా లాగి. మా వైపు కుర్రాళ్ల ఫోన్లన్నిటిలో అదే బొమ్మ. అచ్చం అలాంటివే ఒక కట్ట తెప్పించాను. తోలువి కావు, రెగ్జిన్‌వి. కంటికి తేడా తెలిసేది కాదు, ముక్కుకు దొరికిపోయేది. కవర్ విప్పగానే కొత్త ప్లాస్టిక్ బకెట్ వాసన. ఇప్పపువ్వైనా చింతపండైనా ముందు వాసన చూసి తర్వాత బేరమాడే మనుషులు వాళ్లు. జాకెట్‌నూ ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వి, మడతపెట్టి తిరిగి ఇచ్చేసేవాళ్లు.

అప్పుడే ఫోన్‌లో ఒక వీడియో చూశాను. హీరోలా తయారవడం ఎలాగో నేర్పే మనిషి ఒకడు చెబుతున్నాడు. తోలు జాకెట్ మీదకు పూల సెంటు కొట్టకూడదట. తోలు వాసన వచ్చే సెంటే కొట్టాలట. తోలు, పొగ, కాస్త పొగాకు కలిసినట్టుండే ఆ వాసన తోడైతేనే ఆ వేషానికి నిండుదనమట. అతను చెప్పింది అసలు జాకెట్‌కు సోకు. నాకు వినిపించింది నకిలీ జాకెట్‌కు మందు.

సీసా తెప్పించాను. లైనింగ్ మీద, కాలర్ మడతలో, చంకల దగ్గర దూదితో అద్ది, రెండు రోజులు సంచిలో మూసిపెట్టాను. తీసి చూస్తే నాకే మతిపోయింది. ప్లాస్టిక్ వాసన ఎక్కడికి పోయిందో! తర్వాతి సంత నుంచి నా జాకెట్లు అసలు తోలువైపోయాయి.

ఇక ఎర్రయ్య గురించి చెప్పాలి. ఇక్కడికొచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగిపోతుంది.

ఎర్రయ్య దోర్ల తెగ మనిషి, నా స్నేహితుడు. వాళ్ల ఊరి సంతకు వెళ్లినప్పుడల్లా మధ్యాహ్నం జావ వాళ్లింట్లోనే తాగేవాణ్ని. ఆ ఊళ్లో ఎత్తైన చెట్ల మీది పెద్ద తేనె దింపేది అతని ఇంటివాళ్లు. దానికో కట్టుబాటు ఉంది. చెట్టెక్కేవాడు మూడు రోజుల ముందు నుంచి సబ్బు ముట్టడు, తలకు నూనె రాయడు, బీడీ కాల్చడు, భార్య పక్కన పడుకోడు. భార్య కూడా ఆ మూడు రోజులూ నూనె, పూలు ముట్టదు. కొత్త వాసన తగిలితే తేనెటీగలు లేస్తాయి. కట్టుబాటు తప్పితే దేవతకు కోపం కూడా వస్తుందని వాళ్ల నమ్మకం.

ఎర్రయ్య భార్య పేరు సమ్మక్క. మొగుడు నా దుకాణం ముందు నుంచి వెళ్తూ ఆ జాకెట్ కోసం మూడుసార్లు వెనక్కి తిరిగి చూడటం ఆమె చూసింది. తర్వాతి సంతకు ఒక్కతే వచ్చింది. అసలు తోలేనా అన్నా అని అడిగింది. వాసన చూసుకో చెల్లే అన్నాను. కళ్లు మూసుకుని వాసన చూసింది. తృప్తిగా నవ్వి, డబ్బిచ్చి కొనుక్కుపోయింది. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తేనె దింపే రోజున ఎర్రయ్య ఆ జాకెట్ వేసుకుని చెట్టెక్కాడు. సోకు కోసం కాదు. తోలు మందంగా ఉంటుంది, ఈగల ముల్లు దిగదనుకున్నాడు. మరి వాసన? డోలుకు తోలు వాసన రాదా, చెప్పుకు రాదా? తోలుకు తోలు వాసన రావడం కట్టుబాటు తప్పడమెలా అవుతుంది? మూడు రోజులు సబ్బుబిళ్ల ముట్టని మనిషి, సీసాలోని సెంటును ఒంటికి చుట్టుకుని మద్దిచెట్టెక్కాడు. అది సెంటని తెలిస్తే ఆ జాకెట్‌ను ఇంటి గడప కూడా దాటించేవాడు కాదు.

పొగ పెట్టకముందే ఈగలు లేచాయి. ఎర్రయ్య పైనుంచి పడ్డాడు. బతికాడు. తుంటి దగ్గర విరిగిన కాలు మాత్రం సరిగ్గా అతకలేదు. కర్ర లేనిదే ఇప్పటికీ నడవలేడు. చెట్టెక్కడం మాట చెప్పేదేముంది!

తప్పెక్కడ జరిగిందో తేల్చాలని ఊరు కూర్చుంది. ఎర్రయ్యను మంచంతో సహా మోసుకొచ్చారు. ఆ రోజు సంత. స్నేహితుణ్ని కదా, నేనూ వెళ్లి కూర్చున్నాను. తాను కట్టుబాటు తప్పలేదని ఎర్రయ్య ప్రమాణం చేశాడు. అతను తప్పలేదంటే మిగిలింది భార్యే. నూనె రాసుకున్నావా అని సమ్మక్కను అడిగారు. లేదంది. మళ్లీ అడిగారు. మళ్లీ లేదంది. అప్పుడామే లేచి ఇంటికి వెళ్లి జాకెట్ తెచ్చి పటేల్ ముందు పెట్టింది. పటేల్ అంటే ఆ ఊరి పెద్ద.

"ఇంట్ల కొత్తది ఇదొక్కటే. దీన్ని చూడుండ్రి" అంది.

పటేల్ వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. తలెత్తి నావైపు తిరిగాడు.

"బట్టలాయనా, నువ్వు చెప్పు. ఏంది ఈ వాసన?"

"తోలు వాసనే పటేలా."

"పైన ఏమన్నా పూసినవా?"

"నేనెందుకు పూస్త? తోలుకు తోలు వాసన రాక మల్లెపూల వాసనొస్తదా?"

అందరూ నవ్వారు. నేనే నవ్వించాను. కాలు విరిగిన మనిషి ముందు, నింద మోస్తున్న ఆడమనిషి ముందు, నా నోటికి ఆ హాస్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. సమ్మక్క నావైపు చూసింది. "నేను నూనె ముట్టలే" అని ఇంకొక్కసారి అని, కూర్చుంది. ఎర్రయ్య మంచం మీద ముఖం అటు తిప్పుకున్నాడు.

అంతే. తప్పు ఆమెదేనని తేలిపోయింది. కొట్టలేదు, తిట్టలేదు. దేవత ముందు కోడిని కోసి తప్పు కడిగారు. కానీ మొగుడు ఆమె చేతి నీళ్లు తాగడం మానేశాడు. కొన్నాళ్లకు ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది, తిరిగి రాలేదు. ఏటా హద్దు దాటి మిరప తోటల్లో కాయ కోతకు వెళ్తుందని విన్నాను.

ఎందుకు అబద్ధం చెప్పాను? ప్రాణం మీదకు వచ్చిందా? రాలేదు. నిజం చెబితే నాలుగు తిట్లు, ఆ ఊరి సంత పోవడం, నకిలీ సరుకువాడన్న పేరు. ఇంతే. ఇంత చిన్న దానికి ఒకరి కాపురం తీశానా? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నానని అనుకోవడానికీ లేదు, నోరు విప్పి మరీ చెప్పాను. ఈగలు ఆ సెంటుకే లేచాయనడానికి రుజువేముంది అని చాలా ఏళ్లు నన్ను నేను ఓదార్చుకున్నాను. గాలికి లేచి ఉండొచ్చు, గద్ద తగిలి లేచి ఉండొచ్చు. నిజమే, రుజువు లేదు. కానీ నా కోసం రుజువులు వెతుక్కున్న నేను, సమ్మక్క మీద రుజువేదని ఆ రోజు ఒక్క మాట అడగలేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. నాకేమీ కాలేదు. వ్యాపారం బాగానే సాగింది.

పోయిన నెల ఎర్రయ్య కర్ర పొడుచుకుంటూ నా దుకాణానికి వచ్చాడు. చంకలో ఆ జాకెట్. చలికి చేను కాపలా దగ్గర వేసుకుంటున్నాడట, జిప్ పోయిందట. విప్పి చూస్తే భుజాల మీద పొరలు పొరలుగా ఊడి కింద తెల్ల గుడ్డ కనిపిస్తోంది. తోలు ఇట్లా ఊడుతుందా అని అడిగాడు. పాతబడితే ఊడుతుంది అన్నాను. ఆలోచించలేదు, తడబడలేదు. నా ముఖంలోకి కాసేపు చూశాడు. జిప్ వద్దులే అని జాకెట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఏడేళ్ల తర్వాత కూడా అబద్ధం అంత సులువుగా వచ్చిందే అని భయమేసింది. ఆ భయంతోనే ఇది రాస్తున్నాను.

ఇందులోనూ ఒక పిరికితనం ఉంది, అదీ చెప్పేస్తాను. అక్కడివి హిందీ బడులు. ఎర్రయ్యకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. సమ్మక్కకు ఏ అక్షరమూ రాదు. ఎవరికి చెప్పాలో వాళ్లు చదవలేని అక్షరాల్లో రాస్తున్నాను. అయినా రాస్తుంటే గుండె కాస్త తెరిపిన పడింది. నాకు మాత్రమే. ఆమెకు దీనివల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు.

ఆ రోజు పటేల్ నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు. ఏంది ఈ వాసన? సెంటు వాసన, పటేలా. పైన ఏమన్నా పూసినవా? పూసిన. నా చేతులతోనే పూసిన. సమ్మక్క నూనె ముట్టలేదు.