చెవులు చూసి డాక్టర్ని వెతికిన మా అత్త

పోయిన ఆదివారం మా మేనత్త చనిపోయిందని ఉదయగిరి నుంచి ఫోనొచ్చింది. ఏడుస్తుండగానే నా చెయ్యి ఎడమ చెవి తమ్మె మీదికి పోయింది. ఎందుకో చెబుతాను. మధ్యలో నవ్వితే ఏమీ అనుకోవద్దు. ఆమెను తలుచుకుని నవ్వకుండా ఉండడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆమె మా నాయనకు అక్క. మా ఇంటి వసారాలో మిషను పెట్టుకుని రవికెలు కుట్టేది. కొలతలిచ్చే ఆడవాళ్ల భుజాలతో పాటు మొహం మీది మంగూ మొటిమలూ కూడా చూసేది. చూసి ఊరుకుంటే గదా! "ఎవురికి చూపించినావు?" అని మొహానే అడిగేది.

డెబ్బైల్లో నేను హైస్కూల్లో ఉండగా, చంకలో ఉన్న తమ్ముడు నా కమ్మ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. తమ్మె తెగి రెండు పాయలైంది. గాయం మానింది గానీ చీలిక అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా చర్చిలో క్రిస్మస్ పాట ఎత్తుకునేది నేనే. ముందు నిలబడితే చెవి అందరికీ కనబడుతుందని మానేశాను. వెనక బెంచీలో కూర్చుని, చెవి మీదికి జుట్టు లాక్కుని, పెదవులు మాత్రం కదిలించేదాన్ని.

"దేవుడు నీ గొంతు వింటాడు గానీ చెవి చూస్తాడా?" అంది అమ్మ.

"దేవుడు చూడడులే. చూసే జనం సంగతేంది? బిడ్డకు బాధగా ఉండాది. కుట్టిస్తా," అంది అత్త.

ఎవరి దగ్గర కుట్టించాలో మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇద్దరం ఆత్మకూరు బస్సెక్కాం. దిగాక ఏ ఆస్పత్రికో తీసుకుపోతుందనుకుంటే, బస్టాండులోనే బెంచీ మీద చతికిలబడింది.

"ఈడ కూర్చున్నావేంది అత్తా?"

"బోర్డులు చూస్తే ఏం తెలుస్తాదే? చెవులు చూడాల."

వచ్చే పోయే ఆడవాళ్ల చెవులన్నీ ఆమె తేరిపార చూస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతలో కలువాయి బస్సు కోసం ఒక ముస్లిం ఆమె వచ్చి నిలబడింది. చెవి అంచు పొడుగునా రింగులు, తమ్మె మీద వెంట్రుకంత సన్నని గీత. అత్త చటుక్కున లేచి వెళ్లి ఆ చెవి పట్టుకుంది.

"ఇది తెగితే కుట్టించుకుండావు గదా? ఎవురు కుట్టినారమ్మా?"

ఆమె ముందు బెదిరింది, తర్వాత పకపకా నవ్వింది. "హాఁ అక్కా, బాలీ, అదే రింగు, తగులుకుని తెగింది. మార్కెట్ వెనకాల డాక్టరమ్మ కుట్టింది. రాండి, చూపిస్తా." బస్సు పోతే పోయిందని మమ్మల్ని అక్కడిదాకా తీసుకుపోయింది.

అక్కడ కూడా అత్త ఊరుకోలేదు. "నేనూ కుట్టేదాన్నే. దారం ఏదమ్మా, చూడనీ," అంది. డాక్టరమ్మ కోప్పడుతుందేమోనని నేను బిగుసుకుపోయాను. ఆమె నవ్వి, దారం చూపించి, "పక్కనే కూర్చోండి. వంకర పోతే చెప్పండి," అంది. మత్తు సూది వేసి కుడుతున్నంతసేపూ అత్త నా చెయ్యి వదల్లేదు, కన్ను ఆర్పలేదు. చివరి ముడి పడ్డాక, "నా కుట్టు కంటే బాగుండాదమ్మా," అంది. ఇంకొకరి కుట్టును ఆమె మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

తమ్మె అతుక్కున్నాక గీత పక్కన మళ్లీ చెవి కుట్టించి కమ్మలు పెట్టింది. ఆ క్రిస్మస్‌కు జడ బిగించి వేసుకుని నేనే పాట ఎత్తుకున్నాను. అత్త మొదటి బెంచీలో కూర్చుని, పాట సంగతి మరిచిపోయి నా చెవి వంకే చూస్తూ ఉంది. అంత సంతోషం ఆమె మొహంలో నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మంగుకు ఎవరు మంచి, ఎత్తు పళ్లకు ఎవరు మంచి అని ఊరంతా మా వసారాకే వచ్చేది. ఎనభైల్లో ఆత్మకూరులో బ్యూటీ పార్లరు తెరిచారు. ఆడపిల్లలు ఎగబడితే, "ఆగండే! ముందు నా మొహం మీద చూస్తా," అని తనే వెళ్లి, ఒక్క కనుబొమ్మ మాత్రం తీయించుకుని వచ్చింది.

"రెండోది ఎప్పుడు అత్తా?"

"వారం చూడాల. పొక్కితే ఒకటే పొక్కుతాది గదా!"

ఒకటి సన్నగా, ఒకటి పొదలాగా పెట్టుకుని వారమంతా ఊరు తిరిగింది. ఆదివారం పాస్టరుగారు ఆమె వైపు చూసినప్పుడల్లా ప్రసంగంలో తడబడ్డారు. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు వాక్యం రాసుకుంటూ కూర్చుంది. మళ్లీ ఆదివారానికి, "ఏం కాలేదు, పోండి," అని ఆడపిల్లలకు సెలవిచ్చింది.

మొన్న భూస్థాపన రోజు చర్చి నిండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆత్మకూరు పోయొచ్చిన ఆడవాళ్లే సగం మంది. మొదటి బెంచీలో ఆమె చోటు ఖాళీగా వదిలారు. పాట ఎత్తుకోమని పాస్టరుగారు నాకు సైగ చేశారు. లేచాను. ఏడ్చి ఏడ్చి చెదిరిన జుట్టు చెవి మీద పడి ఉంది.

అత్తను ఉంచిన పెట్టె దగ్గరికి వెళ్లాను. ఎడమ చెవి ఆమెకు కనబడేటట్టు పక్కకు తిరిగి, జుట్టు చెవి వెనక్కి తోసుకుని పాట ఎత్తుకున్నాను.