హుషారు అంటే ఏమిటి

నా అర్జీ అంచున ఎర్ర సిరాతో రాసిన ఆ ముక్క నాకింకా కంఠతా వచ్చు. "విద్యార్థిని హుషారును ఉపాధ్యాయుడు అదుపులో ఉంచవలెను." కింద స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు పొడి సంతకం. నేను అడిగింది ఒకటి, ఆయన జవాబిచ్చింది మరొకదానికి. పైగా అప్పటికి ఆయన ఆ పిల్లను చూడనైనా లేదు.

ఉర్దూ చదువులు పోయి తెలుగు చదువులు వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. నేను జహీరాబాద్‌లో ఉర్దూలో చదువుకుని, ఝరాసంగం దారిలోని ఒక పల్లెలో తెలుగులో పాఠాలు చెప్పేవాడిని. ఒకటే గది, నాలుగు తరగతులు. మూడో తరగతి వరుసలో తొమ్మిదేళ్ళ రైతుబిడ్డ ఒకతి ఉండేది. నాలుగో తరగతికి నేను లెక్క చెబితే, వాళ్ళు పలకలు తుడుచుకునేలోపే ఈ పిల్ల జవాబు చెప్పేసేది. మొదట నాకు కోపం వచ్చింది. అడగనిదానికి చెప్పడం నాకు నచ్చదు. తర్వాత గమనించాను, జవాబుకు ముందు ఆ పిల్ల పెదవులు కదిలేవి.

ఒకరోజు దగ్గరికి పోయి చెవి పెట్టి విన్నాను. "ఏళెంట్లే ఐవత్తారు" అంటోంది. కన్నడం. ఏడెనిమిదులు యాభై ఆరు.

"ఎవరు నేర్పిన్రు?"

"మా నాయనమ్మ. అల్లం నాటుకుంట చెప్తది."

ఆ నాయనమ్మ బీదర్ వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి.

"మరి తెలుగుల ఎక్కం రాదా?"

"వస్తది సార్. తెలుగుల చూస్త, కన్నడంల వింట."

ఆ మాట నన్ను వదలలేదు. వారం రోజులు రకరకాలుగా అడిగి చూశాను. పెదవులు బిగపట్టమంటే జవాబు ఆలస్యమయ్యేది. చెవులు మూసుకోమని లెక్క పలక మీద రాసి చూపిస్తే మామూలు కంటే ముందే వచ్చేది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

తండ్రి దగ్గరికి పోయి, బిడ్డకు మంచి తెలివి ఉందని చెప్పాను. ఆయన అల్లం మడికి నీళ్ళు మలుపుతూ విన్నాడు.

"వచ్చిందే మళ్ల చదువుతున్నదట గద సార్. అన్నీ వచ్చినంక బడి ఎందుకు? ఈ ఎండకాలం నుంచి పనికి తోలుకపోత."

"టౌన్ల ఐదో తరగతిల ఏపిస్త పటేలా. అక్కడ రానివి చాన ఉంటయి."

"ఏపిస్తె పంపుత. లేకుంటె లేదు."

మాట అంతే. నాలుగో తరగతి దాటించి ఐదులో వేయాలంటే ఇన్‌స్పెక్టరు అనుమతి కావాలి. ఒక్క పంతులు రాస్తే ఎవరు వింటారు? అందుకని జహీరాబాద్‌లో పెద్దమనుషుల సంతకాలకు తిరిగాను. ఈ పిల్ల ఒక్కతి కోసమే కాదు, ఏ ఊళ్ళో ఇలాంటి పిల్లలున్నా తరగతి దాటనివ్వాలని నా అర్జీ. హైస్కూలు హెడ్మాస్టరు నన్ను గుమ్మంలో నిలబెట్టే చదివాడు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. బట్టల దుకాణం సేటు "నీ బిడ్డనా?" అని అడిగి, కాదంటే "అయితె నీకేం ఫికర్?" అన్నాడు. ఇద్దరూ సంతకాలైతే పెట్టారు, ఒప్పుకుంటాను. ఆ కుర్చీలను మాత్రం మరిచిపోలేదు.

కూర్చోబెట్టి మాట్లాడింది వకీలు సాబ్ ఒక్కరే. అందరికంటే ముందు పోయింది ఆయన దగ్గరికే; అర్జీ ఎలా ఉండాలో ఉర్దూలో చెప్పి రాయించిందీ ఆయనే. "లడ్కీ బహుత్ హోషియార్ హై" అన్నారు. నేను "పిల్ల చాలా హుషారు" అని రాశాను. చదివించుకుని నవ్వారు.

"తెలుగుల రాస్తనంటివి మాస్టర్. మా మాటకే జర తోక కోసినవ్ గద."

"మా ఊర్ల అదే తెలుగు సాబ్."

పదకొండు సంతకాలతో పోయిన ఆ అర్జీ ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. దాన్ని తండ్రికి చదివి వినిపించడం నా తప్పు. అన్యాయం చూడమని చూపించబోయాను.

"అంటె నా బిడ్డ ఆగం చేస్తదని సర్కారు రాసిందా?"

"గట్ల కాదు పటేలా."

"మరి అదుపంటె ఏంది సార్? ఎడ్లకు చెప్పే మాట గద అది."

మర్నాడు మూడో తరగతి వరుసలో ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది.

బస్సెక్కి జిల్లా ఆఫీసుకు పోయాను. బల్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. ఇన్‌స్పెక్టరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన.

"ఏమండీ, పిల్ల చాలా హుషారని మీరే రాశారు. అంత హుషారైతే చదువేం సాగుతుంది?"

"హుషార్ ఉంటెనే గద సార్ చదువు సాగేది."

ఆయన కలం కింద పెట్టాడు. "మీ వైపు హుషారంటే ఏమిటి?"

"తెలివి."

"అదేమిటండీ. మా వైపు గెంతులేసే పిల్లల్ని అంటాం."

"అయితె తెలివిగల్లోళ్లను ఏమంటరు సార్?"

"తెలివిగలవాళ్ళనే అంటాం" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. "సరే, ఆ మాట మార్చి కొత్త అర్జీ పట్టుకురండి. సంతకాలు మళ్ళీ చేయించండి."

"నా మాట తప్పు గాదు సార్. నేను మార్చను. మీరే వచ్చి పిల్లను చూసి, మీకు తోచింది రాయుండ్రి."

బస్సులో కూర్చున్నాక భయం వేసింది. ఆయన రాకపోతే నా పంతానికి ఆ పిల్ల చదువు పోతుంది. అయినా దిగి వెనక్కి పోలేదు.

పదో రోజున ఆయన వచ్చాడు. నేను అల్లం మడి దగ్గరికి పరుగెత్తాను. పిల్ల మట్టి చేతులతోనే బడికి వచ్చింది, తండ్రి వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు లెక్క అడిగాడు. పెదవులు కదిలాయి.

"ఏమిటమ్మా గొణుగుతున్నావు?"

"వింటున్న సార్" అని, జవాబు చెప్పింది.

ఇంకో మూడు అడిగాడు. చెవుల సంగతి నేను చెబితే నమ్మలేదు. మూసుకోమని తనే చెప్పి, పలక మీద రాసి చూపించాడు. ఆయన సుద్దముక్క పలక మీది నుంచి తీయకముందే జవాబు వచ్చింది. ఆయన కాసేపు తన చెవులు తనే మూసుకుని చూశాడు.

"ఇదెలాగండీ?"

"నాకూ తెల్వదు సార్."

బడి తనిఖీ పుస్తకం తెప్పించుకుని నల్ల సిరాతో రాశాడు. "మూడవ తరగతి విద్యార్థిని చాలా హుషారు. అయిదవ తరగతిలో చేర్చుకొనవచ్చును." ఆ పాత అర్జీ తీసి ముందు పెట్టి, ఎర్ర సిరా రాత కొట్టెయ్యమన్నాను. "ఉండనివ్వండి, ఎవరికి నష్టం?" అన్నాడు. నాకు నష్టం అన్నాను. నవ్వి పోయాడు. ఆ కాగితం అలాగే ఉంది.

తండ్రి నల్ల సిరా వైపు చూసి, "ఏం రాసిండు?" అన్నాడు.

"హుషార్ అని రాసిండు పటేలా."

"మళ్ల గదే మాటనా?"

"గదే మాట. ఈసారి మన అర్థం. టౌన్ బడికి పంపమన్నడు."

ఆయన బిడ్డ వైపు తిరిగాడు.

"నిలబడ్డవేంది? చేతులు కడుక్కొని వచ్చి కూసో."