నా రిసెప్షన్‌లో ఖాళీ డ్రమ్స్

మా ఇంట్లో నలుగురం, నలుగురమూ బ్యాండే. నాన్న కీబోర్డు, అమ్మ పాట, తమ్ముడు గిటారు, నేను డ్రమ్స్. సూర్యాపేట చుట్టుపక్కల మేం వాయించని ఫంక్షన్ హాలు లేదు. తుంగతుర్తిలో ఒకసారి ట్రాక్టర్ ట్రాలీ మీద కూడా వాయించాం. నాకు కోదాడ సంబంధం కుదిరినప్పుడు మాత్రం నాన్న ఖరాఖండిగా చెప్పేశాడు.

"మనోళ్లు ఎవ్వరు ఏదీ ముట్టొద్దు. ఇన్నేండ్లు అందరి పెండ్లిళ్లల్ల వాయించినం. ఇది మన పెండ్లి, కూసోని తిందాం."

అందుకని రిసెప్షన్‌కి వేరే బ్యాండును మాట్లాడాం. కోదాడలో, మధ్యాహ్నం భోజనాల వేళ. వాళ్ల డ్రమ్ సెట్ ముందే వచ్చింది కానీ, వాయించే ఆయన బండి దారిలో ఆగిపోయిందట. డ్రమ్స్ లేకుండానే పాటలు మొదలుపెట్టారు. సోఫాలో పట్టుచీరతో కూర్చున్న నాకు ఆ ఖాళీ స్టూలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. కుడికాలు దానంతటదే నేలను కొడుతోంది.

పక్కనున్న మా ఆయన చూశాడు. "ఏంటి, కాలు నొప్పా?"

"కాదు. గాడ డ్రమ్స్ ఖాళీగ ఉన్నయ్."

"వెళ్లి వాయించు మరి! నువ్వు వాయించడం నేను ఫోన్లో వీడియోల్లోనే కదా చూసింది."

భయంగా అత్తగారి వైపు చూశాను. ఆమె లేచి వచ్చి నా మెడలో దండ తీసి చేతికి తగిలించుకుంది. "కొంగు గట్టిగా దోపుకోమ్మా, జారుతుంది" అంది.

మొదటి దెబ్బకే హాలంతా ఇటు తిరిగింది. నాన్న భోజనం మధ్యలో లేచి పరుగున వచ్చాడు.

"ఏం బిడ్డా! చెప్పిన గద!"

"ఒక్క పాటే నాన్నా!"

నాన్న వెళ్లి చెయ్యి కడుక్కొచ్చి, కీబోర్డు దగ్గరున్న ఆయనతో, "అన్నా, జర జరుగుతవా?" అన్నాడు. అమ్మ అప్పటికే మైకు అందుకుంది. తమ్ముడు ఎవరినీ అడగలేదు, గిటారు తీసుకున్నాడు. ఒక్క పాట అన్నది ఐదు పాటలయింది. గాజులు మూడు పగిలాయి. మా అత్తగారు ఆ దండతోనే చిందేసింది.

చెమటతో దిగుతుంటే మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నాన్నను ఆపాడు. "మా బిడ్డ పెండ్లి ఉన్నది. మీరు నలుగురు రావాలె."

నాన్న నా వైపు చూశాడు. నేను ఇప్పుడు ఇంకో ఇంటి మనిషిని. జవాబు అత్తగారే చెప్పింది.

"ఎందుకు రాదండీ, వస్తుంది. మేమూ వస్తాం."