లోపలివాటితో సహా

నకళ్ల గుమాస్తా మార్కండేయకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మూడు ప్రశ్నలకు జవాబు రానిదే అతని కలం కదిలేది కాదు. ఏది రాయాలి? ఎక్కడికి పంపాలి? లోపలివాటితో సహానా?

పంతొమ్మిది వందల అరవైలలో నిజామాబాద్ చెరుకు సంఘం కార్యాలయంలో ఈ ప్రశ్నలకు అందరికన్నా ఎక్కువ నలిగినవాడు అధికారి విఠల్‌రావు. ఒకసారి ఆయన "దీనికి నకలు తియ్యి" అని మాత్రమే అన్నాడు. మార్కండేయ తీశాడు. ఎక్కడ పెట్టాలో ఆజ్ఞ కాలేదు గనుక, దాన్ని చేత్తో పట్టుకుని సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడ్డాడు. వచ్చిన రైతులు అతని రెండో చేతికి గొడుగులు తగిలించి లోపలికి పోయారు.

ఇంట్లోనూ అదే వరస.

"పప్పు గిన్నెలకు తియ్యి," అనేది భార్య శ్యామలమ్మ.

"ఏ గిన్నెలకు?"

"నీ ముంగటున్న గిన్నెలకే!"

"మిరపకాయలతోని సహానా?"

"సహా! ఆ మిరపకాయలు నీ నోట్లకే!"

ఒక వానాకాలం, కార్యాలయానికి నీళ్లు మోసే సాయవ్వ కొన్నాళ్లు రాలేదు. రెంజల్ దగ్గర వాగు పొంగి ఊరు దాటలేకపోయింది. విఠల్‌రావుకు వాగుతో పనిలేదు, దాహంతోనే పని. ఆమెను తీసేస్తూ ఉత్తర్వు రాసి, నకలు తియ్యమని ఫైలు మార్కండేయకు ఇచ్చాడు. బోధన్ పెద్ద కార్యాలయం సరేనంటే సాయవ్వ ఇంట్లో పొయ్యి ఆరినట్టే. ఆమె అర్జీ, ఊరి పటేల్ సాక్ష్యం ఫైలు అడుగునే ఉన్నాయి. అంత లోతుకు దిగే అలవాటు అధికారికి లేదు.

ఆ రోజు పొద్దంతా మార్కండేయ ఒక్క ప్రశ్నా అడగలేదు. విఠల్‌రావు హైదరాబాద్ రైలుకని రిక్షాలో ఒక కాలు పెట్టాక ప్రత్యక్షమయ్యాడు.

"నకలు ఏది తియ్యాలె సార్?"

"సాయవ్వ ఫైలయ్యా! రైలు పోతది!"

"ఎక్కడికి పంపాలె?"

"బోధన్‌కు!"

"పై ఉత్తర్వు ఒక్కటేనా, లోపలివాటితోని సహానా?"

"సహా! అన్నీ పంపు! నీ తలకాయతోని సహా!"

తలకాయ తప్ప అన్నీ పంపాడు మార్కండేయ.

కొద్దిరోజులకు బోధన్ నుంచి జవాబు వచ్చింది. అర్జీ చూశామనీ, వాగు పొంగినందుకు సాయవ్వ బాధ్యురాలు కాదనీ, పనిలో కొనసాగించాలనీ అందులో ఉంది. ఆమె మాట కూడా దాచకుండా పంపిన విఠల్‌రావుగారి న్యాయబుద్ధి మెచ్చదగినదని చివర ఒక వాక్యం.

విఠల్‌రావు రెండుసార్లు చదివి మార్కండేయను పిలిపించాడు.

"నిజం చెప్పు. నేను రిక్షా ఎక్కేదాక కావాలనే ఆగినవా?"

"ఏ రిక్షా సార్? ఎక్కడికి పోయేది?"

అధికారి కుర్చీలోంచి లేవబోయాడు. అంతలో సాయవ్వ నీళ్ల గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తాగుండ్రి సార్. నా అర్జీ గూడ మీరే పంపిండ్రట. మీ కడుపు సల్లగుండ."

విఠల్‌రావు కూర్చుని నీళ్లు తాగాడు. ఆ తర్వాత ఏ ఫైలైనా మార్కండేయ చేతికి ఇవ్వబోయే ముందు, తలుపు దగ్గరికి వేసుకుని, తానే ఒకసారి అడుగుదాకా చదువుకునేవాడు.