జెండా మామ టోపీ

రేసు ట్రాక్ పక్కన ఎర్రజెండా ఎత్తే మనిషిని అందరూ జెండా మామ అంటారు. వాన వస్తోందో లేదో ఆయన ఆకాశాన్ని అడగడు. ఆ సంగతి బట్టతలే చెబుతుంది. చినుకు పడగానే జెండా లేస్తుంది, పందెం ఆగుతుంది. ఆ కార్లవి గాడులు లేని నున్నటి టైర్లు మరి. పొడి నేలను జిగురులా పట్టుకుంటాయి, తడిస్తే నీళ్లు పోయే దారిలేక జారిపోతాయి.

ఆ రోజు ఆయన కూతురి మొదటి పందెం. ఎండ మండుతోందని భార్య బలవంతంగా ఆయన నెత్తిన టోపీ పెట్టింది. తర్వాత మబ్బు కమ్మినా ఆయన చూపు కూతురి కారు మీదే ఉంది.

మలుపులో ఆ కారు వెనక చక్రాలు జారి తోక ఊపింది.

"చినుకులయ్యా! టోపీ తియ్యి!" గ్యాలరీలోంచి భార్య కేక.

తీశాడు. నెత్తిన చినుకు టప్పున పడింది. వెంటనే జెండా ఎత్తాడు. కార్లన్నీ నెమ్మదించి, క్షేమంగా వచ్చి ఆగాయి.

"దేవుడి దయ, మామా!" అన్నాడు పక్కనున్న మెకానిక్.

"దేవుడేం కేకెయ్యలేదురా, మీ అత్త వేసింది."

ఇంతలో కూతురు హెల్మెట్ తీసి విరుచుకుపడింది. "ఇంకాసేపు ఆగితే గెలిచేదాన్నిగా, నాన్నా!"

"తిట్టవే తల్లీ," అన్నాడాయన, తడినెత్తి తుడుచుకుంటూ. "తనివితీరా తిట్టు."